బొగ్గు పొరలో గ్యాస్ ఉన్నా బావికి ఎందుకు రాదు?

కడపలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్న మీరు అడిగింది ఇదీ. ప్రాజెక్టు కోసం తీసుకున్న జార్ఖండ్, బెంగాల్ వైపు దామోదర్ లోయ బావుల్లో రెండు పొరల గ్యాస్ కంటెంట్ (బొగ్గులో ఉన్న మీథేన్) టన్నుకు 8 ఘనపు మీటర్ల దగ్గరే ఉంది, మందం కూడా ఇంచుమించు ఒకటే. అయినా ఒక బావి ఏళ్ళ తరబడి గ్యాస్ ఇస్తోంది, రెండోది నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వడం లేదు. ఎందుకు? చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: మన తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు ఉన్న నల్లరాళ్ళ కింద ఇలాంటి గ్యాస్ దొరకదా అని.

సూటిగా చెప్పాలంటే, గ్యాస్ కంటెంట్ చూసి సరుకెంత ఉందో చెప్పొచ్చు గానీ, అది పైకి వస్తుందో లేదో చెప్పలేం. దాన్ని తేల్చేది నీళ్ళు తోడితే పొరలో దూరం దాకా ఒత్తిడి దిగుతుందా లేదా అన్నదే. అది క్లీట్ల (బొగ్గులోని సహజమైన సన్నటి చీలికల) పర్మియబిలిటీ మీద, అంటే వాటిలోంచి నీళ్ళూ గ్యాసూ ఎంత సులువుగా పారతాయన్న దాని మీద, పొరకు పైనా కిందా ఉన్న రాయి మీద ఆధారపడి ఉంటుంది. మీ రెండో బావి విషయంలో నా మొదటి అనుమానం పైకప్పు రాయి (పొరకు పైన ఆనుకుని ఉన్నది) మీదే. రెండో ప్రశ్నకు జవాబు: దొరకదు. కారణం చివర్లో చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. బొగ్గులో మీథేన్ ఇసుకరాయిలో మాదిరి ఖాళీల్లో నిండి ఉండదు, సూక్ష్మరంధ్రాల గోడలకు అంటుకుని ఉంటుంది. పొరలోని ఒత్తిడి దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. ఎంత ఒత్తిడి దగ్గర ఎంత గ్యాస్ పట్టుకోగలదో లాంగ్‌మ్యూర్ సూత్రం చెబుతుంది. మీ పొర 600 మీటర్ల లోతులో ఉందనుకుందాం. నీటి ఒత్తిడి సుమారు 60 బార్లు (10 మీటర్ల నీటి మట్టానికి సుమారు ఒక బార్). ఆ బొగ్గు లాంగ్‌మ్యూర్ వాల్యూమ్ (పట్టగలిగే గరిష్ఠం) టన్నుకు 16 ఘనపు మీటర్లు, లాంగ్‌మ్యూర్ ప్రెషర్ (అందులో సగం పట్టే ఒత్తిడి) 30 బార్లు అయితే, 60 బార్ల దగ్గర అది పట్టుకోగలిగేది 16 × 60 ÷ 90, అంటే సుమారు 10.7. అందులో ఉన్నది 8 మాత్రమే, అంటే 75 శాతమే నిండి ఉంది. ఇదే సూత్రాన్ని తిప్పి వేస్తే 8 అనే అంకె 30 బార్ల దగ్గర వస్తుంది. అంటే ఒత్తిడి 60 నుంచి 30కి దిగేదాకా ఒక్క బుడగ కూడా విడవదు. సుమారు 300 మీటర్ల నీటి మట్టం తోడి పారబోశాకే గ్యాస్ మొదలవుతుంది. పక్క పొర నూటికి నూరు శాతం నిండి ఉంటే పంపు వేసిన కొన్నాళ్ళకే గ్యాస్ కనిపిస్తుంది. కాబట్టి రెండు పొరల గ్యాస్ కంటెంట్ ఒకటే అన్నంత మాత్రాన పోలిక కుదరదు. రెండింటి ఐసోథర్మ్‌లు (ఏ ఒత్తిడికి ఎంత గ్యాస్ పడుతుందో చూపే గీతలు) పక్కపక్కన గీసి చూడండి.

ఆ గీత వంపును కూడా గమనించండి. 30 బార్ల నుంచి 20కి దించితే టన్నుకు 1.6 ఘనపు మీటర్లు విడుదలవుతుంది. 20 నుంచి 10కి దించితే 2.4 వస్తుంది. 10 నుంచి 7కి, ఆ చివరి 3 బార్లలోనే దాదాపు ఒక ఘనపు మీటరు. అసలు పంట అడుగున ఉంది. ఒత్తిడిని 20 బార్ల దగ్గరే ఆపేసి 'ఈ పొర ఇంతే' అనుకుంటే సగానికి పైగా గ్యాస్ కిందే వదిలేసినట్టు. పంపును పొర కంటే దిగువన, బావి అడుగున అదనంగా తవ్వి ఉంచిన సంపులో పెట్టేది ఇందుకే. పంపు పొర కంటే పైన ఉంటే ఆ రెంటి మధ్య నిలిచిన నీటి బరువు ఎప్పటికీ పొర మీద ఉండిపోతుంది.

ఇక పర్మియబిలిటీ. గోడ విడిచిన గ్యాస్ బొగ్గు ముద్దలోంచి మెల్లగా క్లీట్ దాకా చేరి, అక్కణ్ణుంచి క్లీట్ల వెంట బావికి వస్తుంది. ఈ క్లీట్లు ఎంత సన్నగా ఉంటాయో అంకెల్లో చూడండి. క్లీట్ వెడల్పు 10 మైక్రాన్లు, రెండు క్లీట్ల మధ్య దూరం ఒక సెంటీమీటరు అయితే, వెడల్పు ఘనాన్ని ఎడంకి 12 రెట్లతో భాగిస్తే వచ్చేది సుమారు 8 మిల్లీడార్సీలు (పర్మియబిలిటీని కొలిచేది వీటిలోనే). బొగ్గు పొరకు అది చాలా మంచి అంకె. అదే వెడల్పు 5 మైక్రాన్లకు తగ్గితే పర్మియబిలిటీ ఎనిమిదో వంతుకు, అంటే ఒక మిల్లీడార్సీకి పడిపోతుంది. ఆ తేడా తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. మీ రెండు బావుల తేడా అక్కడే దాక్కుని ఉండొచ్చు.

క్లీట్లను కళ్ళారా చూడాలంటే దామోదర్ దాకా పోనక్కర్లేదు. ఆర్టీపీపీకి (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి) వచ్చే మాదిరి సింగరేణి బొగ్గు గడ్డ ఒకటి, ఎండకు వానకు నాననిది, దొరికితే చాలు. పక్కకు తిప్పి చూస్తే కొన్ని మిల్లీమీటర్ల మందంతో నిగనిగలాడే పట్టీలు, వాటి మధ్య మెరుపు లేని నల్లటి పట్టీలు కనిపిస్తాయి. నిగనిగలాడే పట్టీల్లో పొరకు నిలువుగా సన్నటి గీతలుంటాయి, మెరుపు లేని పట్టీ రాగానే చాలా గీతలు ఆగిపోతాయి. పొడుగ్గా తిన్నగా పోయేవి ఫేస్ క్లీట్లు. వాటిని దాదాపు లంబంగా తాకి అక్కడే ఆగే పొట్టివి బట్ క్లీట్లు. స్కేలు పెట్టి 5 సెంటీమీటర్లకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అడ్డదిడ్డంగా, పెళ్ళలు లేచినట్టు ఉన్నవి ఆరిపోయి పగిలినవి, వాటిని కలపొద్దు. గీతల మధ్య తెల్లటి పొర ఉంటే 10 శాతం పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేయండి. బుసబుస పొంగితే కాల్సైట్. పొంగకుండా, గోటితో గీస్తే మెత్తగా రాలితే అది కయొలినైట్ జాతి మట్టి కావచ్చు. ఇత్తడి రంగు మెరుపైతే పైరైట్. ఏది నిండినా ఆ క్లీట్ మూసుకుపోయినట్టే. లాగ్‌లో "క్లీట్లు దట్టంగా ఉన్నాయి" అని రాసి, అవి నిండి ఉన్నాయో ఖాళీగా ఉన్నాయో రాయకపోవడం తరచూ జరిగే పొరపాటు.

మెరిసే పట్టీలు విట్రినైట్ (కొయ్య నుంచి వచ్చిన మెరిసే పదార్థం) ఎక్కువ ఉన్నవి. క్లీట్లు బాగా పడేది వాటిలోనే. మన గోండ్వానా బొగ్గులో ఇనర్టినైట్ (కాలిన కొయ్య లాంటి పదార్థం), బూడిద రెండూ ఎక్కువ కాబట్టి అక్కడ మనకు మొదటి నుంచీ కొంత దెబ్బే. ర్యాంక్ (బొగ్గు ఎంత ముదిరిందన్నది) విషయానికొస్తే, విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ (అది తిప్పికొట్టే కాంతి శాతం, ర్యాంక్‌కు కొలత) 0.7 శాతం దాటాక వేడి వల్ల పుట్టే గ్యాస్ గట్టిగా మొదలవుతుంది, క్లీట్లు కూడా మీడియం ర్యాంక్ బొగ్గులోనే బాగా తేలతాయి. ఆంథ్రసైట్‌కు పోతే గ్యాస్ పట్టే శక్తి పెరుగుతుంది గానీ క్లీట్లు మళ్ళీ అతుక్కుపోతుంటాయి.

లోతు రెండువైపులా కోస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరిగి గ్యాస్ ఎక్కువ పడుతుంది. పైనున్న రాళ్ళ బరువుకు, పక్క ఒత్తిళ్ళకు క్లీట్లు బిగుసుకుని దారి మూసుకుంటుంది. 1000 మీటర్లు దాటాక చాలా చోట్ల పర్మియబిలిటీ ఒక మిల్లీడార్సీకి దిగువనే ఉంటుంది. అమెరికాలో వ్యోమింగ్ వైపు పౌడర్ రివర్ బేసిన్ దీనికి ఎదురు ఉదాహరణ. అక్కడి బొగ్గు చిన్న ర్యాంకుది, గ్యాస్ టన్నుకు ఒకటి రెండు ఘనపు మీటర్లే. కానీ పొరలు లోతు తక్కువ, మందం కొన్ని చోట్ల 30 మీటర్ల దాకా, పర్మియబిలిటీ వందల మిల్లీడార్సీలు. అందుకే వేల బావులు నడిచాయి. దామోదర్ లోయలోని మన ఝరియాలో గ్యాస్ దానికి ఎన్నో రెట్లు ఉన్నా బావికి రప్పించడానికి ఫ్రాక్ (ద్రవాన్ని ఒత్తిడితో ఎక్కించి పొరను పగలగొట్టడం) చేయక తప్పడం లేదు.

గ్యాస్ మొదలయ్యాక పర్మియబిలిటీ కూడా ఒకచోట నిలబడదు. నీళ్ళు తోడేకొద్దీ క్లీట్లను లోపలినుంచి తెరిచి పట్టిన ఒత్తిడి తగ్గి అవి బిగుస్తాయి. ఇంకోవైపు గ్యాస్ విడిచిన బొగ్గు ముద్ద కుంచించుకుపోయి క్లీట్లు తెరుచుకుంటాయి. ఏది గెలుస్తుందన్నది బొగ్గు యంగ్స్ మాడ్యులస్ (బిగువు), పాయిజన్స్ రేషియో (నొక్కితే పక్కకు ఉబ్బే గుణం), కుంచించుకునే గుణం మీద ఉంటుంది. అమెరికాలోని శాన్ హువాన్ బేసిన్‌లో రెండోది గెలిచింది, ఏళ్ళు గడిచేకొద్దీ పర్మియబిలిటీ పెరిగింది. మనం లెక్కలో అనుకున్న, 75 శాతమే నిండిన పొరలో మాత్రం 60 నుంచి 30 బార్ల దాకా కుంచించుకోవడం అసలు మొదలే కాదు, బిగుసుకోవడం ఒక్కటే జరుగుతుంది. అంటే గ్యాస్ విడవాల్సిన వేళకు దారి ఇంకా ఇరుకైపోయి ఉంటుంది. తక్కువ నిండిన పొరలు రెండు విధాలా నష్టపోతాయన్నది చాలా రిపోర్టుల్లో కనిపించదు.

ఇప్పుడు పైకప్పు సంగతి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉందని నా నమ్మకం, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

బొగ్గు పొరలో నీళ్ళు పెద్దగా ఉండవు. ఒక బావికి 40 హెక్టార్లు, పొర మందం 5 మీటర్లు, క్లీట్ పోరోసిటీ (క్లీట్ల ఖాళీల వాటా) ఒక శాతం అనుకోండి. 4 లక్షల చదరపు మీటర్లు × 5 × 0.01, మొత్తం 20 వేల ఘనపు మీటర్ల నీళ్ళు. ఒక శాతం కూడా ఉదారంగా వేసిందే, చాలా పొరల్లో అంతకంటే తక్కువే. రోజుకు 50 ఘనపు మీటర్లు తోడితే 400 రోజుల్లో అంతా అయిపోవాలి. ఈ లెక్క మీ రెండో బావికి వేయండి. ఇప్పటిదాకా తోడిన నీళ్ళు ఈ అంకెకు రెట్టింపై కూడా ఒత్తిడి దిగకపోతే, ఆ నీళ్ళు బొగ్గువి కావు. పైనున్న ఇసుకరాయిదో, కిందనున్న ఇసుకరాయిదో, పక్కనున్న ఫాల్ట్‌దో అయి ఉంటాయి. అప్పుడు ఎంత పెద్ద పంపు వేసినా ఫలితం ఉండదు.

పొరను ఆనుకుని కొన్ని మీటర్ల మందాన షేల్ గానీ మడ్‌స్టోన్ గానీ ఉంటే నీళ్ళు బయటినుంచి రావు, గ్యాస్ పైకి జారిపోదు. దామోదర్ లోయలో బొగ్గు పొరలుండే బరాకర్ ఫార్మేషన్‌లో బొగ్గు మీద నేరుగా ముతక ఇసుకరాయి కూర్చున్న చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట ఫ్రాక్ చేస్తే అసలే బలహీనమైన అడ్డుగోడను మనమే పగలగొట్టినట్టు. ఫ్రాక్ ఎటు పోతుందో తేల్చేది పొరల మధ్య ఒత్తిడి తేడా. షేల్‌లో పక్క ఒత్తిడి బొగ్గులో కంటే ఎక్కువ ఉంటే పగులు బొగ్గులోనే నిలబడి పొడవుగా పోతుంది. తేడా లేకపోయినా, తిరగబడినా, పగులు నిలువుగా ఎక్కి నీళ్ళున్న ఇసుకరాయిని తాకుతుంది. ఆ తర్వాత దాన్ని తిరిగి పూడ్చడం దాదాపు అసాధ్యం. ఫ్రాక్ ముందూ వెనుకా రోజువారీ నీళ్ళ లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్రాక్ తర్వాత నీళ్ళు ఒక్కసారిగా పెరిగి, నెలల తరబడి అదే స్థాయిలో నిలిచి, నీటి రసాయన గుణం కూడా మారితే దొంగ దొరికినట్టే. బొగ్గు పొర నీళ్ళలో సాధారణంగా సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా, సల్ఫేట్ బాగా తక్కువగా ఉంటాయి. సల్ఫేట్, కాల్షియం పెరిగితే వేరే రాయి నీళ్ళు కలిశాయని అనుమానించాలి.

బొగ్గు మెత్తటి రాయి కావడం వల్ల ఇంకా కొన్ని చిక్కులున్నాయి. దాని యంగ్స్ మాడ్యులస్ ఒకటి నుంచి ఐదు గిగాపాస్కల్స్, గట్టి ఇసుకరాయిది అంతకు చాలా రెట్లు. అందుకే బొగ్గులో పగులు వెడల్పుగా, పొట్టిగా పడుతుంది. లోపల పోసిన ఇసుక గోడల్లోకి దిగబడిపోతుంది. నలిగిన బొగ్గుపొడి నీళ్ళతో కొట్టుకొచ్చి క్లీట్లనూ పంపునూ మూస్తుంది. అందుకే నీటి మట్టాన్ని ఒక్కసారిగా లాగేయకూడదు, రోజుకు కొద్ది మీటర్ల చొప్పున దించాలి. ఒకసారి మొదలుపెట్టాక పంపు ఆపకూడదు కూడా. కరెంటు పోయి పంపు రెండు రోజులు ఆగితే నీళ్ళు మళ్ళీ ఎక్కుతాయి, పొడి పంపు చుట్టూ పేరుకుని బిగుసుకుంటుంది, విడిచిన గ్యాస్ కొంత మళ్ళీ గోడలకు అంటుకుంటుంది. మీ రెండో బావి పంపు లాగ్‌లో ఎన్ని ఆగుళ్ళున్నాయో చూడకుండా తప్పును రాయి మీదకు తోయొద్దు. డ్రిల్లింగ్‌లో బెంటొనైట్ మడ్డి వాడారా, కేసింగ్ వెనుక బరువైన సిమెంటు పోశారా అన్నది కూడా చూడాలి. రెండూ క్లీట్లలోకి దూరి బావి చుట్టూ అడ్డుకట్ట కడతాయి. ఫ్రాక్‌లో చిక్కటి జెల్ వాడినా అంతే.

దామోదర్ లోయ ప్రత్యేకత ఇంకొకటుంది, డైక్‌లూ సిల్‌లూ (కరిగిన రాయి చొచ్చుకొచ్చి గట్టిపడిన గోడలూ పలకలూ). రాణిగంజ్, ఝరియాల్లో లాంప్రొఫైర్, డోలరైట్ చొచ్చుకొచ్చిన చోట పక్కనున్న బొగ్గు కాలి ఝామా (సహజ కోక్) అయిపోతుంది. అందులో గ్యాస్ పెద్దగా ఉండదు. డైక్ నీళ్ళను అడ్డే గోడగానూ పనిచేయొచ్చు, పగుళ్ళుంటే నీళ్ళు తెచ్చే కాలువగానూ పనిచేయొచ్చు. మ్యాప్ మీద బావికి డైక్ ఎంత దూరమో కొలవండి.

ఇక బావుల మధ్య దూరం. ఇక్కడ మన అనుభవం తిరగబడుతుంది. అనంతపురం గ్రానైట్‌లో బోరు కూడా పగుళ్ళ మీదే బతుకుతుంది, గ్యాపు తగిలితే రెండించుల నీళ్ళు, లేకుంటే దుమ్ము. పక్క చేనులో బోరు పడి మన బోరు మట్టం దిగితే గొడవే. బొగ్గు గ్యాస్‌లో మాత్రం సరిగ్గా ఆ దిగడమే కావాలి. చుట్టూ నాలుగు బావులు ఒకేసారి తోడితే మధ్యలో ఒత్తిడి త్వరగా పడి గ్యాస్ ముందే వస్తుంది. ఒంటరి బావికి చుట్టూ ఉన్న పొర నీళ్ళు అందిస్తూనే ఉంటుంది. మీ గ్యాస్ ఇచ్చే బావి గుంపు మధ్యలో ఉండి, రెండోది అంచున ఒంటరిగా ఉంటే రాయి గుణాలు అన్నీ సమానమైనా ఫలితం వేరుగానే ఉంటుంది. ఫేస్ క్లీట్ దిశలో పర్మియబిలిటీ బట్ క్లీట్ దిశ కంటే కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి గుంపు కూడా చతురస్రంగా కాక ఫేస్ క్లీట్ దిశలో సాగిన దీర్ఘచతురస్రంగా ఉండాలి. అడ్డంగా తవ్వే బావినైతే ఫేస్ క్లీట్లను కోసేలా, వాటికి లంబంగా నడపాలి.

అంకెల్ని నమ్మే ముందు ఒక హెచ్చరిక. ఆ 8 ఏ ప్రాతిపదికన రాశారో చూడండి. బూడిద, తేమ తీసేసి చెప్పిన 12, బూడిద 33 శాతం, తేమ 2 శాతం ఉన్న బొగ్గులో నిజానికి 7.8 మాత్రమే. గ్యాస్ కంటెంట్‌ను ఒక ప్రాతిపదికన, ఐసోథర్మ్‌ను ఇంకో ప్రాతిపదికన గీసి పోలిస్తే 75 శాతం నిండిన పొర వంద దాటినట్టు కనిపిస్తుంది. కోర్ (బావిలోంచి తీసే రాతి కడ్డీ) పైకి వచ్చేలోగా పోయిన గ్యాస్‌ను అంచనా వేసే పద్ధతి కూడా చూడండి. కాలం వర్గమూలానికి గీసిన గీతలో మొదటి కొన్ని రీడింగులే తిన్నగా ఉంటాయి, వాటినే వెనక్కి పొడిగించాలి. క్యానిస్టర్‌ను (కోర్ పెట్టి గ్యాస్ కొలిచే డబ్బాను) పొర ఉష్ణోగ్రత దగ్గర కాకుండా గది వాతావరణంలో ఉంచితే అంకె తక్కువ వస్తుంది. పర్మియబిలిటీ విషయంలో ల్యాబ్‌లో చిన్న కోర్ మీద తీసిన విలువను పక్కన పెట్టేయండి, అది పొర పర్మియబిలిటీని చెప్పదు. బావిలో చేసిన ఇంజెక్షన్ ఫాల్-ఆఫ్ టెస్టే (నీళ్ళు ఎక్కించి ఆపి, ఒత్తిడి ఎలా దిగుతుందో చూసేది) కావాలి. నీళ్ళు ఎక్కించే ఒత్తిడి పొర పగిలే ఒత్తిడి కంటే దిగువనే ఉండాలి. దాటిందంటే టెస్టు కొలిచింది ఆ టెస్టే చేసిన పగులును, క్లీట్లను కాదు.

మన ప్రాంతం సంగతికొద్దాం. భూమి మీద మొక్కలు పెరిగి అడవులయ్యాకే బొగ్గు తయారైంది. మన గోండ్వానా బొగ్గు పెర్మియన్ కాలానిది, 25 నుంచి 30 కోట్ల ఏళ్ళ నాటిది. వేంపల్లె డోలమైట్, తాడిపత్రి షేల్, పుల్లంపేట షేల్, నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అన్నీ 50 కోట్ల ఏళ్ళకు పైబడినవే. తాడిపత్రి ఫార్మేషన్‌లోని సిల్ ఒక్కటే దాదాపు 190 కోట్ల ఏళ్ళనాటిది. అప్పటికి చెట్టంటూ లేదు, వేంపల్లె రాళ్ళలో కనిపించే స్ట్రొమటోలైట్‌లు సూక్ష్మజీవుల పని. అనంతపురం వైపు గ్రానైట్, నైస్ మరీ పాతవి. నల్లగా కనిపించే రాయిలో కొద్దిగా సేంద్రియ కార్బన్ ఉండొచ్చు. బొగ్గు అనాలంటే బరువులో సగానికి పైగా సేంద్రియ పదార్థమే ఉండాలి. చేతిలోకి తీసుకున్నా తేలిపోతుంది. బొగ్గు గడ్డ అంతే సైజు నాపరాయిలో దాదాపు సగం బరువే ఉంటుంది. మనకు దగ్గర్లో గోండ్వానా బొగ్గు అంటే గోదావరి లోయే. అక్కడ కూడా ర్యాంక్ తక్కువ, గ్యాస్ తక్కువ.

ప్రాజెక్టుకు మొదట మీ గైడ్ ద్వారా తెప్పించుకోవాల్సినవి ఈ నాలుగు: రెండు బావుల రోజువారీ నీళ్ళు–గ్యాస్–బావి అడుగు ఒత్తిడి పట్టిక, ఫాల్-ఆఫ్ గ్రాఫ్, పొరకు పైనా కిందా 20 మీటర్ల దాకా డెన్సిటీ, గామా లాగ్‌లు (లోతు వెంట రాయి రకాన్ని చూపే కొలతలు), ఫ్రాక్ రోజున పంపు ఒత్తిడి చార్టు. మొదట 40 హెక్టార్ల నీళ్ళ లెక్క వేయండి, దానికి ఒక సాయంత్రం చాలు. రెండో బావి నీళ్ళు ఆ లెక్క దాటి ఉంటే నేరుగా గామా లాగ్‌లో పైకప్పు దగ్గరికి పోండి. దాటకుండా నీళ్ళే చాలా తక్కువగా వస్తుంటే ఫాల్-ఆఫ్ గ్రాఫ్ ముందు తీయండి. అప్పుడు సమస్య బిగుసుకున్న క్లీట్లది గానీ బావి చుట్టూ చేరిన అడ్డుకట్టది గానీ అవుతుంది. అడ్డుకట్ట అయితే స్కిన్ విలువ (బావి చుట్టూ ఉన్న అడ్డును చెప్పే అంకె) పెద్ద ధనాత్మక అంకెగా కనిపిస్తుంది.